మే నెలలో ఇంట్లో సముద్రం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో మా హాల్లో ఉన్న నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు గురించి ఒక పేజీ రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం "చేపలు ఎక్కడ దొరుకుతాయి?" అనేవే. వాటిని పక్కన పెట్టాను. దొరకడం కష్టం కాదు, మన ఊళ్లో బతికించడం కష్టం. మిగిలిన సగంలోంచి కొన్నిటికి జవాబులు రాస్తున్నాను. నన్ను ఎరగనివారికి ఒక్క మాట: చీరాల వైపు ఒక రొయ్యపిల్లల హేచరీ ల్యాబులో 18 ఏళ్లు నీళ్లు పరీక్షించాను. ఇప్పుడు విజయవాడ మొగల్రాజపురంలో, కొండకు ఆనుకున్న సందులో కాపురం. ఎండాకాలం రాత్రి పదకొండైనా ఆ కొండరాయి వేడి కక్కుతూనే ఉంటుంది. నా జవాబుల్లో వేడి గోల ఎక్కువైందనిపిస్తే కారణం అదే.

ప్ర: మేడమ్ గారూ, మధ్యాహ్నం మూడింటికి మా ట్యాంకు 31.5 డిగ్రీలు చూపిస్తోంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు వేస్తున్నాను. ఫ్యాన్ పెడితే సరిపోతుందా, చిల్లర్ కొనాల్సిందేనా? ట్యాంకు 250 లీటర్లు.
— ఒక గృహిణి, పటమట

జ: ముందు ఆ సీసాలు ఆపండి. ఒక లీటరు ఐసు పూర్తిగా కరిగి, ఆ నీళ్లు ట్యాంకు నీళ్లంత వెచ్చబడే లోపు మీ 250 లీటర్లను అర డిగ్రీ కూడా దించలేదు. అదే ఒక లీటరు నీరు ఆవిరైతే రెండు డిగ్రీలకు పైనే దించుతుంది. మన మట్టికుండ చేసే పని అదే కదా. పైగా సీసా వేసినప్పుడల్లా దిగి, కరిగాక మళ్లీ ఎక్కి, రోజుకు నాలుగు సార్లు కోరల్స్‌ను, అంటే పగడాలను, ఉయ్యాల ఊపినట్టవుతుంది. వాటికి 27 డిగ్రీలు రోజంతా నిలకడగా ఉంటే చాలు. పొద్దున 25, సాయంత్రం 30 అయితే మాత్రం తట్టుకోలేవు.

ఫ్యాన్ పెట్టాలంటే గాజు మూత తీసేసి, చేపలు దూకకుండా సన్నటి వల బిగించి, గాలి నీటి మీద ఏటవాలుగా తగిలేలా పెట్టండి. ఏప్రిల్‌లో పొడిగాలి కొట్టే రోజుల్లో మా ఇంట్లో ఫ్యాన్ ఒక్కటే రెండు మూడు డిగ్రీలు దించింది. రోహిణి కార్తె వచ్చి, సాయంత్రాలు ఉక్కపోత మొదలైతే దాని పని అయిపోయినట్టే. మన ఒంటి చెమటే ఆరని రోజున ట్యాంకు చెమట ఎలా ఆరుతుంది?

ఫ్యాన్‌తో ఇంకో చిక్కుంది. రోజుకు ఐదు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. మూడు రోజులు నీళ్లు నింపకపోతే, వెయ్యి పాళ్లకు 35 ఉన్న సెలైనిటీ (ఉప్పదనం) 37 దాటుతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు లేని నీళ్లే పోయాలి. కొత్తవాళ్లు ఉప్పునీళ్లు పోసి నెల తిరిగేసరికి ఊరగాయ పెడతారు. మట్టం తగ్గగానే తనంతట తనే నింపే ఆటో టాప్-ఆఫ్ పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. దాని పక్కన పెట్టే నీళ్ల డబ్బా మాత్రం చిన్నదే పెట్టండి. ఫ్లోట్ ఇరుక్కుపోతే ఆ డబ్బాడు నీళ్లే పోతాయి, హాలంతా మునగదు.

ఇక చిల్లర్. మధ్యాహ్నం మీ గది 36 దాటుతోందంటే కొనక తప్పదు, దుకాణంవాళ్లు చెప్పేది నిజమే. కానీ వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. చిల్లర్ చలిని పుట్టించదు. నీళ్లలో ఉన్న వేడిని తీసి గాల్లోకి వదులుతుంది, ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి. నాలుగేళ్ల కిందట నేను చిల్లర్ కొన్నప్పుడు, బిగించడానికి వచ్చినవాళ్లు దాన్ని స్టాండు కింద తలుపుల అరలో పెట్టారు. చూడ్డానికి బాగుందని నేనూ ఊరుకున్నాను. 18 ఏళ్లు హేచరీలో పని చేసిన మనిషికి ఆ మాత్రం తట్టొద్దా! మేలో ఒక పెళ్లికి రెండు రోజులు తెనాలి వెళ్లాం. అరలో వేడి తిరిగి తిరిగి చిల్లర్ ట్రిప్ అయింది. వచ్చి చూస్తే నీళ్లు 33. లెదర్ కోరల్ పిడికిలిలా ముడుచుకుంది, చిన్న పువ్వుల్లా ఉండే జొవాంథిడ్లు తెల్లగా పాలిపోయాయి, నాలుగు చేపల్లో ఒకటే మిగిలింది.

ఆ పాలిపోవడం ఏమిటో కూడా తెలియాలి. కోరల్ ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండను తిండిగా మార్చి ఇంటాయనకు పెట్టేది అదే, రంగులో ఎక్కువ భాగం కూడా దానిదే. వేడి మితిమీరితే కోరల్ ఆ నాచును బయటికి గెంటేస్తుంది. వెంటనే చావదు, ఆకలితో రోజులు లెక్కపెట్టుకుంటుంది. సముద్రంలో అయితే, తాము ఉన్నచోట మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ కొన్ని వారాలు నిలిస్తే చాలు, దిబ్బలకు దిబ్బలే తెల్లబడతాయి. ఆ పెళ్లి తర్వాత నా జొవాంథిడ్లు మళ్లీ రంగు తేలడానికి మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు నా చిల్లర్ వెనక బాల్కనీలో, ఎండ పడని మూల ఉంది. హాల్లోకి వచ్చే పైపులకు నురుగు తొడుగు వేశాను. మీరు కొనేటప్పుడు డబ్బా మీద రాసిన లీటర్లను నమ్మకండి, అది చల్లటి గదికి వేసిన లెక్క. మన ఊరికి ఒక సైజు పెద్దది తీసుకోండి. 26.5కి సెట్ చేయండి. 24 పెట్టి కరెంటు బిల్లు పెంచుకోవడం దండగ.

ట్యాంకు పడమటి గోడకు ఆనించి ఉందా? మీరు రాయలేదు. ఉంటే జరపండి. నాకు వాస్తు మీద నమ్మకం లేదు గానీ, నీళ్లు ఈశాన్యంలో ఉండాలన్నవాళ్లకు సాయంత్రపు ఎండ సంగతి బాగా తెలుసనిపిస్తుంది.

ప్ర: ఇంట్లో తాగే ఆర్వో నీళ్లలో ఉప్పు కలుపుతున్నాను. టీడీఎస్ 40. సరిపోదా? లేదంటే సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లే క్యాన్లతో తెచ్చుకుందామని ఆలోచన. బాపట్లలో మా బావమరిది ఉన్నాడు.
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జ: తాగడానికి 40 బ్రహ్మాండం. ట్యాంకుకు పనికిరాదు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్నవాటి కొలత. 40 అనే అంకె ఎంత ఉందో చెబుతుంది, ఏముందో చెప్పదు. అందులో నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా ఉంటే నాచుకు పండగ. రాగి ఉంటే రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం. రోజూ ఐదు లీటర్లు నింపుతారనుకోండి, నెలకు 150 లీటర్లు. నీరు ఆవిరవుతుంది, అందులో వచ్చినదంతా లోపలే పేరుకుంటుంది. మీ గీజరు కాయిల్ మీద తెల్లపొర ఎలా కట్టిందో గుర్తు చేసుకోండి.

చేయాల్సింది రెండు పనులు. ఇంట్లో వాడే ఆర్వో మెషీన్లలో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. అది దాటకముందే గొట్టానికి ఒక టీ (మూడు మూతుల జాయింటు) పెట్టించి నీళ్లు పక్కకు తీసుకోండి. ఆ నీటిని డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గింజలు) నింపిన గొట్టం గుండా పంపితే టీడీఎస్ సున్నాకు వస్తుంది. రంగు మారే రెసిన్ కొంటే అయిపోయిన సంగతి కంటికే తెలుస్తుంది. సున్నా కాస్తా 2 అయిన రోజే రెసిన్ మార్చండి, "ఇంకో వారం చూద్దాం" వద్దు.

సూర్యలంక ఆలోచన మీ ఒక్కరిదే కాదు, ఈ నెల ముగ్గురు అడిగారు. సముద్రంలో ఉప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని అనుకుంటాం. మన తీరంలో వానాకాలం, కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో ఒడ్డు దగ్గర నీళ్లు పలచబడిపోతాయి. హేచరీలో ఉండగా అక్టోబరులో 25 రీడింగు నా చేత్తో రాశాను. హేచరీలవాళ్లు ఆ నీళ్లను నిలగట్టి, వడకట్టి, క్లోరిన్ వేసి, మళ్లీ ఆ క్లోరిన్ తీసి వాడతారు. మీ బావమరిది పట్టి పంపే నీళ్లలో ఇసుక, బురద, పడవల డీజిలు, ఏవో రోగాలు అన్నీ కలిసి వస్తాయి. పైగా వంద లీటర్లంటే వంద కిలోలు. ఆయనతో బంధుత్వం నిలబడాలంటే ఆ పని పెట్టకండి.

రీఫ్ ట్యాంకుల (కోరల్స్ పెంచే ట్యాంకుల) కోసం అమ్మే ఉప్పు మిశ్రమమే వాడండి. గళ్లుప్పు వేస్తే ఏమవుతుందని ఇంకొకరు అడిగారు. చినగంజాం ఉప్పు కొఠార్లలో తేలేది దాదాపు సోడియం క్లోరైడు మాత్రమే. కోరల్స్‌కు కావాల్సిన మెగ్నీషియం చాలావరకు చివర మిగిలే చేదునీళ్లలో పోతుంది. కలిపేటప్పుడు నీళ్లలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోస్తే చిక్కబడి క్యాల్షియం తెల్లగా అడుగున దిగిపోతుంది. 20 లీటర్ల బకెట్‌కు సుమారు 740 గ్రాములు. రాత్రంతా పంపు తిప్పి, పొద్దున ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో 35 చూసుకోండి. ఆ రిఫ్రాక్టోమీటరును 35 ప్రమాణ ద్రావణంతో సరిచూడాలి. ఉత్త నీళ్లతో సున్నా చూసి సరేననుకుంటే పైన తేడా రావచ్చు.

ప్ర: ఆంటీ, నేను టెన్త్ చదువుతున్నాను. మా ట్యాంకులో చిన్న ఆక్టోపస్‌ను పెంచొచ్చా?
— సత్యనారాయణపురం

జ: వద్దు నాన్నా. రాత్రి మూత తీసుకుని బయటికి వచ్చేస్తుంది, రాకపోతే నీ చేపల్ని తినేస్తుంది. ముందు పరీక్షలు బాగా రాయి.

ప్ర: మూడేళ్లుగా రెండడుగుల ట్యాంకు ఉంది, 80 లీటర్లు. ఇప్పుడు సంపుతో సహా నాలుగడుగులది చేయించాను. పాతదాంట్లోంచి ఏమేం మార్చాలి? ఒక్క రోజులో అయిపోతుందా? మాది మూడో అంతస్తు.
— బ్యాంకు ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జ: మార్చడం ఒక్క రోజే. దానికి ముందు పదిరోజుల పని ఉంది.

మీరు చివర్లో రాసిన అంతస్తు మాటతో మొదలుపెడతాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 250 లీటర్లు. నీళ్లు 250 కిలోలు, 10 మిల్లీమీటర్ల గాజు 50 కిలోలు, రాళ్లూ ఇసుకా 60, సంపులో నీళ్లు 50, స్టాండు 40. దగ్గర దగ్గర అర టన్ను. ఇళ్లలో గదులకు ఐఎస్ 875 ప్రకారం వేసే లెక్క చదరపు మీటరుకు 200 కిలోలు. మీది అర చదరపు మీటరు మీదే అర టన్ను! అది గది మొత్తానికి పరిచి వేసే లెక్క కాబట్టి వెంటనే కంగారు పడక్కర్లేదు. కానీ గది మధ్యలో పెట్టొద్దు. కింద బీము వెళ్లే గోడ వెంట పెట్టండి. అపార్ట్‌మెంట్ కట్టిన ఇంజినీరును ఒకసారి పిలిచి చూపించండి. స్టాండు ఇనుముతో చేయించి ఉంటే రంగు మూడు పూతలు వేయించండి. ఉప్పునీటి తుంపర ఎక్కడ ఆరినా తెల్లగా పాకుతూ పోతుంది, ఇనుమును తింటుంది.

సంపు అంటే ఇంటి ముందు నేలలో ఉండేది కాదని కొత్త పాఠకులకు చెప్పాలి. ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి అది. పైనుంచి నీళ్లు పొంగి దిగి, స్కిమ్మరు (నురుగుతో మురికిని తీసేది), ఫిల్టర్లు దాటి, పంపుతో మళ్లీ పైకి వెళ్తాయి. దీనికి చేయాల్సిన పరీక్ష ఒకటే. చేపలు వేయకముందే మామూలు నీళ్లతో నింపి తిప్పి, ఉన్నపళంగా స్విచ్ ఆపండి. కరెంటు పోతే ఏమవుతుందో అదే జరుగుతుంది: పైనుంచి కొంత నీరు కిందికి దిగుతుంది. సంపు పొర్లకుండా ఎక్కడిదాకా పట్టిందో చూసి మార్కర్‌తో గీత గీయండి. నడుస్తున్నప్పుడు ఆ గీతకు మించి ఎప్పుడూ నింపొద్దు. నీరు వెనక్కి పోకుండా చెక్‌వాల్వ్ పెట్టాం కదా అంటారు బిగించేవాళ్లు. ఒక నత్త దూరితే దాని పని సరి. తిరుగు గొట్టం మూతి నీటిమట్టానికి కొంచెం కిందే ఉండాలి, దానికి చిన్న రంధ్రం ఉండాలి, గాలి దూరి, నీళ్లను వెనక్కి లాగే సైఫన్ తెగడానికి.

ఇక నీళ్లు. సంపుతో కలిపి 300 లీటర్లు. పాతవి ఓ 70 వస్తాయి. 230 లీటర్లు కొత్తగా కలపాలి, అంటే ఎనిమిదిన్నర కిలోల ఉప్పు. ఇంటి ఆర్వో గంటకు పది పన్నెండు లీటర్లే ఇస్తుంది కాబట్టి వారం ముందు మొదలుపెట్టండి. నీలం డ్రమ్ము కొనేటప్పుడు అది ముందు ఏం మోసిందో అడగండి. గుంటూరులో మిరపచేలకు కొట్టే మందులు మోసిన డ్రమ్ములు కూడా కడిగి అమ్మకానికి వస్తాయి. ఎన్నిసార్లు కడిగినా అది ట్యాంకుకు వద్దు. కొత్తదే కొనండి.

మార్చే రోజు: ముందు పాత నీళ్లు సగం శుభ్రంగా టబ్బుల్లోకి తీయండి. కోరల్స్ ఒక టబ్బులో, రాళ్లు ఒక టబ్బులో, రెండింటిలోనూ చిన్న పంపు తిరుగుతూ ఉండాలి. రాళ్లు తీశాక చేపలు సులువుగా చిక్కుతాయి, మొదటే వల పట్టుకుని వెంటపడొద్దు. మురికిని శుభ్రం చేసే బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, రాళ్లలో. అందుకే పాత నీళ్లన్నీ మోయాలన్న తాపత్రయం అక్కర్లేదు, రాయి మాత్రం ఒక్కటి కూడా ఆరకూడదు.

పాత ఇసుక పారేయండి. ఇది నా సొంత ఖర్చుతో నేర్చుకున్నది. మూడేళ్ల ఇసుకలో మంచి బ్యాక్టీరియా పోతుందేమోనని రెండు బకెట్లు అలాగే ఎత్తి కొత్త ట్యాంకులో పోశాను. కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చింది. అయినా పోశాను! అడుగున గాలి ఆడని చోట మూడేళ్లుగా మగ్గిన మురికంతా ఒక్కసారిగా లేచింది. మర్నాటికి అమ్మోనియా. రెండు చేపలు పోయాయి. మీరు కొత్త ఇసుక వేయండి. పాతదే కావాలంటే నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వేయండి.

కొత్త ట్యాంకులో ఉష్ణోగ్రత, ఉప్పు పాతదానితో సరిపోయాక రాళ్లు, తర్వాత కోరల్స్, ఆఖర్న చేపలు. వారం రోజులు పూటకోసారి అమ్మోనియా చూడండి. తిండి సగం చేయండి. కొత్త ఎల్ఈడీ కూడా కొన్నారని రాశారు. మొదటి రోజే నూటికి నూరు వెలిగించారో, వేడి చేసే పని వెలుగు చేస్తుంది, కోరల్స్ తెల్లబడతాయి. 40 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదేసి చొప్పున పెంచండి. ట్యాంకు పెద్దదైంది కదా అని ఆ నెలలోనే కొత్త చేపలు కొనకండి. ఆ రాళ్లకు అలవాటైంది 80 లీటర్ల ట్యాంకులో పడే మురికే.

ప్ర: ఆల్కలినిటీ వారంలో 9 నుంచి 8.6కు తగ్గింది. డోసింగ్ పంపులు (కొలత ప్రకారం మందు వదిలేవి) పెట్టమని సలహా ఇస్తున్నారు. రొయ్యల చెరువుల మందుల షాపులో దొరికే క్యాల్షియం క్లోరైడు వాడొచ్చా? తాంబూలం సున్నంతో పనవుతుందని ఎవరో చెప్పారు.
— బెంజ్ సర్కిల్ దగ్గరి పాఠకుడు

జ: మీ ట్యాంకులో ఉన్నవి పుట్టగొడుగు కోరల్స్, జొవాంథిడ్లు, ఒక లెదర్ అని మీరే రాశారు. వీటిలో రాతి ఎముక కట్టేది ఒక్కటీ లేదు. మరి ఆ ఎముకకు కావాల్సిన క్యాల్షియం, ఆల్కలినిటీ ఎవరు తింటున్నారు? రాళ్ల మీద గులాబీరంగు పొర కట్టే నాచు కొంచెం తింటుంది, అంతే. 0.4 తేడా చుక్కలు లెక్కపెట్టి రంగు చూసే కిట్టులో మామూలే. వారానికి పది శాతం నీళ్లు మార్చండి, పంపుల డబ్బుతో చిల్లర్ కొనుక్కోండి.

నిజంగా పెంచాల్సి వస్తే వంటసోడా చాలు. 250 లీటర్లలో ఒక డీకేహెచ్ (మీరు రాసిన ఆల్కలినిటీ అంకెల కొలత) పెరగడానికి ఏడున్నర గ్రాములు, విడిగా కరిగించి నెమ్మదిగా పోయాలి. రోజుకు ఒకటికి మించి పెంచకూడదు. మన చెరువు రైతులు పీపీఎంలలో మాట్లాడతారు. వాళ్లు 150 అనేది సుమారు మీ 8.4. చెరువుల సరుకు ఎకరాల లెక్కకు తయారైనది, అందులో ఇంకేం లోహాలున్నాయో డబ్బా మీద ఉండదు. నేను వాడను.

సున్నం మాట తీసిపారేయదగ్గది కాదు. జర్మన్లు కాల్క్‌వాసర్ అనే పేరు పెట్టింది మన సున్నపు తేటకే. బూడిద గుమ్మడి ముక్కల్ని మిఠాయి కోసం నానబెట్టే తేట ఉంది చూడండి, అదే. దాంట్లో క్యాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఉంటాయి. దాన్ని ఆవిరైన నీటికి బదులుగా చుక్కలు చుక్కలుగా వదులుతారు. కానీ ఆ పద్ధతి పుట్టింది చల్లటి దేశంలో. జనవరిలో మీ ట్యాంకు రోజుకు రెండు లీటర్లు ఆవిరైతే మేలో ఫ్యాన్ కింద ఆరు లీటర్లు. అడక్కుండానే సున్నం మూడింతలు పడుతుంది. తేట పీహెచ్ 12 పైన! ఈ ఊళ్లో ఎండాకాలం దాని జోలికి పోవద్దు. తాంబూలం డబ్బీ అసలే వద్దు.

ప్ర: రాళ్ల నిండా గాజులాంటి చిన్న ఎనిమోన్లు మొలిచాయి, ఐప్టేసియా అంటున్నారు. రాయి బయటికి తీసి పెద్ద గిన్నెలో ఉడకబెడితే పోతాయా?
— విద్యానగర్, గుంటూరు

జ: ఉడకబెట్టొద్దు. అన్నిటికంటే ముందు ఇది చదవండి. జొవాంథిడ్ల జాతిలో కొన్నిటికి, ముఖ్యంగా పాలిథోవాలకు, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రపంచంలో తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. అవి పట్టి ఉన్న రాయిని మరిగిస్తే ఆవిరితో గాల్లోకి లేస్తుంది. విదేశాల్లో ఇలా చేసి కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దడం కూడా అంతే ప్రమాదం. ట్యాంకులో చెయ్యి పెట్టినప్పుడు గ్లవ్స్ వేసుకోండి, వేలికి కోత ఉంటే అసలు పెట్టకండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి.

ఐప్టేసియాకు చిక్కటి సున్నం ముద్ద మందు. ల్యాబు రకం క్యాల్షియం హైడ్రాక్సైడు తెచ్చి, పంపులన్నీ ఆపి, సూది లేని సిరంజితో దాని నోటి మీద పెట్టండి. పది పదిహేను నిమిషాలయ్యాక పంపులు వేయండి. రోజుకు మూడు నాలుగింటికి మించి చేయకండి. కత్తిరించారంటే మాత్రం ప్రతి ముక్కా ఇంకోటై మొలుస్తుంది.

ప్ర: కొమ్మల కోరల్ ముక్కలు పార్సిల్‌లో పంపిస్తామని ఒకరు ఫోటోలు పెట్టారు. తెప్పించుకోవచ్చా?
— పేరు వద్దన్న పాఠకుడు

జ: నేనైతే తెప్పించుకోను. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడం, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్, సీ ఫ్యాన్లు, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2001లో చేర్చారు. నీటి గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా ఆ ఏడాదే చేరాయి. పులికి ఉన్న రక్షణే పగడానికీ. దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. "ఇది విదేశంలో ట్యాంకులో పెంచింది" అని అమ్మేవాడు నోటితో చెబుతాడు, కాగితం చూపించడు. ఆ పార్సిల్ మీద ఉండేది మీ అడ్రసే.

నా ట్యాంకులో మెత్తటి కోరల్స్ మాత్రమే ఉన్నాయి, అవీ ఇంకొకరి ట్యాంకులో పెరిగిన ముక్కలు. చేపలు కూడా హేచరీలో పుట్టినవే అడగండి. క్లౌన్ చేపల్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో పిల్లలు చేయించింది. హేచరీ పిల్ల గుళికలు తింటుంది, వలలో పట్టినది బెంగ పెట్టుకుని చస్తుంది.

ప్ర: రాత్రి దోమల మందు మెషీన్ పెట్టుకుంటే చేపలకేమైనా అవుతుందా?
— భవానీపురం

జ: అవుతుంది. ఆ మందులు చాలావరకు పైరెత్రాయిడ్లు. మనకు తలనొప్పి తెప్పించేది రొయ్యను చంపేస్తుంది. గాలి పంపు ఆ గదిలో గాలే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. దోమతెర కట్టుకోండి. వీధిలో మున్సిపాలిటీవాళ్ల ఫాగింగ్ మోత వినపడగానే కిటికీలు మూసి, గాలి పంపు ఆపి, వేవ్‌మేకర్ (నీళ్లను కదిపే చిన్న పంపు) మాత్రం ఉంచండి. నేను తడి బట్ట కూడా కప్పుతాను.

ప్ర: 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. మేం డాబా మీదికెక్కాం, ట్యాంకు కింద ఉండిపోయింది. ఏడేళ్లు పెంచాను మేడమ్. ఇప్పుడు మొదటి అంతస్తులోకి మారాం. మళ్లీ పెట్టుకోవాలనుంది. కరెంటు పోతే ఏం చేయాలో ముందు అది చెప్పండి. ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టరు ఉంది.
— సింగ్ నగర్ పాఠకుడు

జ: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ వారం సింగ్ నగర్‌లో జనానికే పాలప్యాకెట్లు పడవల మీద వచ్చాయి, ట్యాంకును ఎవరు చూస్తారు. మీ తప్పేం లేదు.

కరెంటు పోతే ముందు తరిగిపోయేది ఆక్సిజన్. మంచినీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పడుతుంది, ఉప్పునీళ్లలో 7 లోపే. వేడెక్కినకొద్దీ ఇంకా తగ్గుతుంది. నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వేడి తర్వాతి సంగతి, వెలుగు లేకపోయినా మూడు రోజులు పరవాలేదు.

మీ ఇన్వర్టరు కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1200 అనుకోండి. చిల్లర్ 300 వాట్లు తింటుంది, నాలుగు గంటలకే బ్యాటరీ ఖాళీ. 15 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే అయితే, ఇన్వర్టరు తన సొంతానికి తినేది పోను, ఒకటిన్నర రోజు లాగుతుంది. కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ట్యాంకు దగ్గర రెండు ప్లగ్గులు వేరువేరుగా పెట్టించండి. ఇన్వర్టరు మీద వేవ్‌మేకర్ మాత్రమే, మిగతావన్నీ మామూలు లైను మీద. ఇన్వర్టరు సైన్ వేవ్ రకమో కాదో చూసుకోండి, స్క్వేర్ వేవ్ అయితే ఏసీ కరెంటు పంపులు గీపెడుతూ వేడెక్కుతాయి. దీనికి తోడు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి, ఛార్జి చేసి, అలమారాలో కాదు, ట్యాంకు పక్కనే మేకుకు తగిలించి ఉంచండి. అవేవీ లేకపోతే చెంబు. ముంచి అడుగున్నర ఎత్తునుంచి పోస్తూ ఉండండి, అరగంటకోసారి ఐదు నిమిషాలు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. హేచరీలో ఒక రాత్రి జనరేటరు మొరాయిస్తే తెల్లారేదాకా ఆరుగురం బకెట్లతో అదే పని చేశాం, రొయ్యపిల్ల దక్కింది. కరెంటు లేనన్నాళ్లూ తిండి వేయకండి.

ఈసారి చిన్నగా మొదలుపెట్టండి, రెండడుగులు చాలు. కొత్త పొడి రాయితో అయితే నీళ్లు కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యేదాకా చేప వేయలేం. మా సంపులో బాగా ముదిరిన రాళ్లు రెండున్నాయి, ఐప్టేసియా లేనివి. ట్యాంకు నింపి, ఉప్పు 35కు తెచ్చాక పత్రిక అడ్రసుకే ఒక కార్డు రాయండి. మూత ఉన్న బకెట్ తెచ్చుకోండి, పొద్దున ఎనిమిదిలోపు రండి. ఆ తర్వాత ఎండ.